కారు మారిస్తే బీమా ప్రీమియం ఇంతగా ఎందుకు పెరిగింది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చాలా ఏళ్లు వాడిన 998 సీసీ పెట్రోల్ కారును ఈమధ్యే తెలిసినవారికి అమ్మేశాను. ఆర్సీ ఇంకా వారి పేరు మీదకు మారలేదు. దాని బీమాకు గత ఏడాది రూ.5,657 కట్టాను. ఐడీవీ (బండికి బీమా పత్రంలో రాసే విలువ) రూ.1.80 లక్షలు. ఇప్పుడు షోరూమ్ ధర రూ.14 లక్షలున్న 1,493 సీసీ డీజిల్ కారు బుక్ చేస్తే, బీమాకే రూ.64,180 అవుతుందని డీలర్ చెబుతున్నారు. ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా చేయని నాకు ఇంత భారం ఎందుకు? కారును నా భార్య పేరు మీద తీసుకోవాలనుకుంటున్నాం. ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గించుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన పాత పాలసీనీ, డీలర్ కొటేషన్‌నూ పక్కపక్కన పెట్టి చూశాను. పెరుగుదలలో ఎక్కువ భాగానికి న్యాయమైన కారణం ఉంది. అయితే దాదాపు రూ.19,600 మాత్రం మీరు కట్టనవసరం లేని డబ్బు. డీలర్ ఇచ్చిన కొటేషన్‌లో మీకు రావలసిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎక్కడా లేదు.

ముందుగా థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియం సంగతి చూద్దాం. ఈ ప్రీమియాన్ని బీమా కంపెనీలు నిర్ణయించవు, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి రూ.2,094, వెయ్యి నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897 కట్టాలి. మీ పాత కారు మొదటి వర్గంలోనిది, కొత్తది రెండో వర్గంలోనిది. పైగా సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారు కొనేవారు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ఒకేసారి కట్టవలసి వస్తోంది. మీ కొటేషన్‌లోని రూ.10,640 అదే. మూడేళ్ల బిల్లును ఒక్క ఏడాది బిల్లుతో పోల్చడం వల్ల మీకు కనిపించిన తేడా అసలు తేడా కన్నా పెద్దదిగా ఉంది. వచ్చే రెండేళ్లు ఈ పద్దు కింద మీరు మళ్లీ ఏమీ కట్టనక్కర్లేదు.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం. దీన్ని ఐడీవీ మీద శాతంగా లెక్కిస్తారు. కొత్త కారు ఐడీవీ షోరూమ్ ధరలో 5 శాతం తగ్గించగా రూ.13.30 లక్షలు. దాని మీద డీలర్ చూపిన రేటు 2.5 శాతం, అంటే రూ.33,250. పాత కారుకు మీ కంపెనీ 3 శాతం వేసింది, అంటే రూ.5,400. రేటు నిజానికి తగ్గింది, పెరిగింది బండి విలువ. పాత కారు పూర్తిగా పోయినా కంపెనీ మీకు ఇవ్వవలసింది రూ.1.80 లక్షలే కదా, ఇప్పుడు కొత్త కారుకు కంపెనీ పదమూడు లక్షలకు పైగా పూచీ పడుతోంది. ఈ పెరుగుదలను తప్పుపట్టలేం.

ఇక అసలు విషయం. పాత పాలసీలో ఆ రూ.5,400 మీద 50 శాతం నో క్లెయిమ్ బోనస్ తీసేసి మీ దగ్గర రూ.2,700 మాత్రమే వసూలు చేశారు. వరుసగా క్లెయిమ్ లేని ఏళ్లకు 20, 25, 35, 45 శాతంగా పెరుగుతూ ఐదో ఏడాదికి 50 శాతానికి చేరే ఈ తగ్గింపు బండిది కాదు, పాలసీదారుది. కారు అమ్మినా అది మీతోనే ఉంటుంది, కొత్త కారుకు వర్తింపజేసుకునే హక్కు మీకు ఉంది. రూ.33,250లో సగం రూ.16,625, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.19,617 తగ్గి, మీరు కట్టవలసింది సుమారు రూ.44,560కి దిగుతుంది. ఇప్పుడు వదిలేస్తే నష్టం ఈ ఒక్క ఏడాదితో ఆగదు. వచ్చే ఏడాది మీ బోనస్ మళ్లీ 20 శాతం నుంచి మొదలై, 50కి చేరడానికి ఐదేళ్లు పడుతుంది.

అందుకే కారును మీ భార్య పేరు మీద తీసుకునే ముందు మరొకసారి ఆలోచించండి. బోనస్ ఉన్న పేరూ, కొత్త పాలసీలోని పేరూ ఒకటే అయి ఉండాలి. పాలసీదారు మరణించినప్పుడు వారసులకు సంక్రమించడం తప్ప, బతికుండగా భార్యాభర్తల మధ్య కూడా అది మారదు. ఆమె పేరు మీద కొనడానికి వేరే బలమైన కారణం ఉంటే సరే, లేకపోతే రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే ఉంచడం మంచిది.

బోనస్ బదిలీకి పాత బీమా కంపెనీని అడిగి నో క్లెయిమ్ బోనస్ ధ్రువపత్రం తీసుకోండి. ఇది మూడేళ్లు చెల్లుతుంది. కారు అమ్మినట్టు రుజువుగా ఫారం 29, 30 ప్రతులు, డెలివరీ నోట్ అడుగుతారు. ఆర్సీ ఇంకా మారలేదన్నారు కాబట్టి దాన్ని కొన్నవారి పేరుకు మార్పించే పనిని అస్సలు వాయిదా వేయకండి. ఇది బోనస్‌కు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కారు ఈలోగా ఎవరినైనా గుద్దితే, బండి చేతిలో లేకపోయినా నష్టపరిహారం కేసు మీ ఇంటికే వస్తుంది. కొన్నవారు కూడా 14 రోజుల్లోగా బీమాను తమ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. మీ బోనస్ మీతో వచ్చేస్తుంది కాబట్టి ఆ తేడా ప్రీమియం వారు కట్టుకోవలసి ఉంటుందని ఇప్పుడే చెప్పి ఉంచండి, తెలిసినవారి మధ్య తర్వాత మాట రాకుండా ఉంటుంది.

ఐడీవీ తగ్గించడానికి నేను ఒప్పుకోను. కారు దొంగతనానికి గురైనా, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినా మీకు వచ్చేది ఆ పత్రంలో రాసిన మొత్తమే. ఐడీవీని లక్ష రూపాయలు తగ్గిస్తే, బోనస్ పోను మీకు మిగిలేది జీఎస్టీతో కలిపి రూ.1,475. అంతకోసం లక్ష రూపాయల రక్షణ వదులుకోవడం తెలివైన పని కాదు, ముఖ్యంగా కారు మీద అప్పు ఉన్నప్పుడు.

తగ్గించుకోవడానికి చోటున్నది యాడ్-ఆన్‌లలో, అంటే అదనపు ప్రీమియంతో తీసుకునే అదనపు రక్షణల్లో. మీ కొటేషన్‌లో వీటికి రూ.10,500 వేశారు. విడిభాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డెప్రిసియేషన్ ఉంచుకోండి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మీరే భరించాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా ఉంచుకోమంటాను. వరద నష్టం సాధారణ పాలసీలోనే ఉన్నా, నీటిలో ఆగిన బండిని స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ పాడైతే ఆ ఖర్చు ఇవ్వరు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్ని కార్లు నీట మునిగాయో చూశాం. తాళం పోతే ఇచ్చే కవర్, వస్తువులు పోతే ఇచ్చే కవర్ లాంటివి తీసేయవచ్చు.

బీమాను డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. అదే ఐడీవీ, అవే యాడ్-ఆన్‌లు, 50 శాతం బోనస్ పెట్టి మరో రెండు కంపెనీల నుంచి కొటేషన్ తెప్పించుకోండి. మీరు సర్వీసింగ్‌కు ఇవ్వబోయే వర్క్‌షాప్‌లో ఆ కంపెనీకి నగదురహిత సదుపాయం ఉందో లేదో కనుక్కోండి. ఆ కాగితాలతో వెళ్లి అడిగితే డీలర్ కూడా ధర తగ్గించే అవకాశం ఉంది. డెలివరీ తేదీలోగా ధ్రువపత్రం చేతికి రాకపోతే, రాతపూర్వక డిక్లరేషన్ తీసుకుని బోనస్ ఇవ్వగలరేమో కొత్త కంపెనీని అడగండి. వారు పాత కంపెనీతో సరిచూసుకుంటారు.