గని సోలార్ పార్కులో చేరిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

గని ఊరి సోలార్ పార్కులో మెయింటెనెన్స్ పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కర్నూలు పిల్లోడివి, ఎండ నీకు కొత్త కాదు. కానీ వెయ్యి మెగావాట్లు, సుమారు 5,900 ఎకరాలు అంటే మొదటి వారం ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. నీకిచ్చేది అందులో ఒక ముక్కే. ఆ ముక్కలోనే ప్యానెళ్ళు లక్షకు తక్కువుండవు.

ఏసీ రూములో, ప్లాంటు లెక్కలన్నీ కంప్యూటర్లో చూపించే స్కాడా స్క్రీన్ ముందే కూర్చోవడం అలవాటు చేసుకోకు. స్క్రీన్ సొంతంగా ఏమీ చెప్పదు, సెన్సర్ ఏం పంపితే అదే చూపిస్తుంది. ఒక వేసవిలో మా ప్లాంటు పీఆర్ రోజురోజుకూ పెరుగుతూ పోయింది. పీఆర్ అంటే తెలుసుగా, పడిన ఎండకు ఎంత కరెంటు రావాలి, ఎంత వచ్చింది అనే లెక్క. పైఆఫీసు నుంచి మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది. నాకేమో అనుమానం. పాతబడే ప్యానెళ్ళు అంతకంతకూ బాగా ఎలా పనిచేస్తాయి? ఎండను కొలిచే పైరానోమీటర్ దగ్గరికి పోయి చూస్తే, దాని గాజు బుడగ మీద ఎర్రదుమ్ము, పైన పిట్ట రెట్ట. ప్యానెళ్ళన్నీ కడుగుతున్నారు, దీన్ని తుడిచే దిక్కు లేదు. అది ఎండను తక్కువ చేసి చూపిస్తుంటే మన కరెంటు ఎక్కువగా కనబడింది. మెత్తటి గుడ్డ తడిపి తుడిచాను. మధ్యాహ్నానికి పీఆర్ దిగింది. మెచ్చుకున్నవాళ్ళే ఫోన్ చేసి, ఏం చేశావని గదమాయించారు! నువ్వు రోజూ పొద్దున్నే ముందు ఆ బుడగ తుడువు, తర్వాతే టీ.

ప్యానెళ్ళు కడిగించేది తెల్లవారుజామున, లేదంటే పొద్దు గూకాక. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చల్లనీళ్ళు పడితే పగలొచ్చు. నీళ్ళ టీడీఎస్, అంటే అందులో కరిగిన ఉప్పులెంతో, పరీక్ష చేయించు. ఉప్పు నీళ్ళతో కడిగితే గీజర్ కాయిల్‌కు పట్టినట్టు తెల్లపొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. మట్టిరోడ్డు పక్క వరుసలకు దుమ్ము తొందరగా పడుతుంది, వాటికి వేరే షెడ్యూల్ పెట్టు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. ప్యానెళ్ళ నుంచి వచ్చేది ఒకే దిక్కుగా పారే డీసీ కరెంటు. అది పారుతుండగా తీగలను కలిపే డీసీ కనెక్టర్ ఎప్పుడూ లాగొద్దు. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి మంట లేచినా ఆరే వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు, లేచిన మంట అలాగే సాగుతుంది. మా దగ్గర ఒక కుర్రాడు తొందరపడి లాగేశాడు. ప్రాణం దక్కింది గానీ చేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ముందు డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపు, ప్యానెల్ వరుసల తీగలు కలిసే కంబైనర్ బాక్సులో ఐసొలేటర్ స్విచ్ దించు, తాళం వేసి ట్యాగ్ కట్టు, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి సున్నా అని చూశాకే చెయ్యి వెయ్యి. అప్పుడు కూడా పగలు ప్యానెల్ వోల్టేజీ చావదు, గ్లౌజులు తీయకు. రాత్రి ప్యానెళ్ళు పడుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ వైపు గ్రిడ్ కరెంటు ఉంటుంది.

ఏప్రిల్‌లో ఎండ మండిపోతున్నా జనరేషన్ అనుకున్నంత రాదు. దానికి టెన్షన్ పడకు. ప్యానెల్ రేటింగు 25 డిగ్రీల వేడి దగ్గర ఇచ్చింది, ఆపైన డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మన దగ్గర ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, లెక్క నువ్వే వేసుకో. కానీ ఇన్వర్టర్ ఫిల్టర్లు మూసుకుపోయి అది వేడెక్కి కరెంటు తగ్గిస్తే మాత్రం ఆ తప్పు నీదే.

వానలు పడ్డాక గడ్డి లేచి కింది వరుసకు నీడ పడుతుంది, ఎండాక నిప్పుకు ఎరవుతుంది. చుట్టుపక్కల గొర్రెల కాపరులతో మంచిగా ఉండు. గొర్రెలైతే సరే, మేకల్ని రానివ్వకు, ప్యానెళ్ళెక్కుతాయి. కంబైనర్ బాక్సు తలుపు తీసే ముందు కర్రతో తట్టు. లోపల పాము చల్లగా పడుకుని ఉండొచ్చు.

ఆదివారం వచ్చినప్పుడు నా క్లాంప్ మీటరు తీసుకుపో. మామూలు ఏసీ క్లాంప్ డీసీ పారుతున్నా సున్నానే చూపిస్తుంది, దాన్ని నమ్మి చెయ్యి పెట్టేవు. నాది డీసీ కూడా కొలుస్తుంది. బ్యాటరీ మార్చి పెట్టాను.

మీ మామ