బొబ్బిలి యుద్ధానికి నాలుగు తీగవాద్యాలు

నాయనా, ఆశీస్సులు.

రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో, వెనక తెర మీద బొబ్బిలి యుద్ధం వీడియో అన్నావు. చెయ్యి. కానీ నువ్వు పంపిన ప్లాన్‌లో కత్తి తళుక్కుమన్నప్పుడల్లా వయొలిన్లు గిర్రున పైస్థాయికి పోతున్నాయి. అది సినిమా రీరికార్డింగు. కంటికి కనబడుతున్నదే మళ్లీ చెవికీ చెప్తే చూసేవాడికి పనేం మిగులుతుంది?

వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రంబ్ నాలుగు తీగవాద్యాలకే రాసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ (1970) విను. వాద్యకారులే అరుస్తారు, నీళ్లు పోసిన గాజు గ్లాసుల అంచు మీద బో (కమాను) లాగుతారు. ఆ హడావుడి నీకు తెగ నచ్చుతుంది, నాకు తెలుసు. నేర్చుకోవాల్సింది మాత్రం ఇంకో అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ దగ్గర. 1988లో ‘డిఫరెంట్ ట్రెయిన్స్’ చేసినప్పుడు, నాజీల బారి నుంచి బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డుల్లోంచి తీసుకుని, వాళ్లు పలికిన తీరునే తీగల మీద వాయింపించాడు.

మన ఉత్తరాంధ్ర మాటలోనే బోలెడు సంగీతం ఉంది. బొబ్బిలి వెళ్లి ఎవరైనా పెద్దావిడ దగ్గర కూర్చో. యుద్ధం కథ చిన్నప్పుడు ఎలా విన్నదో అడుగు. “అందరూ సచ్చిపోనారు బాబూ, ఏటి సేత్తాం” అంటుంది. ‘బాబూ’ దగ్గర కాస్త లేచిన గొంతు ‘సేత్తాం’ దగ్గరికొచ్చేసరికి జారిపోతుంది. ఆ జారుడు వియోలాకివ్వు. ఒకసారి ఆవిడ గొంతుతో కలిపి వాయించండి, రెండోసారి గొంతు తీసేసి. వాడుకుంటామని ఆవిడకి ముందే చెప్పాలి సుమా.

శ్రుతి సంగతి ముందే తేల్చుకోండి. మనం వయొలిన్ తీగల్ని స ప స ప అని కట్టుకుంటాం, చెల్లో అబ్బాయిది పాశ్చాత్య పద్ధతి. లేకపోతే రిహార్సల్ అంతా బిరడాలు తిప్పడంతోనే సరి.

వీడియోలో యుద్ధాన్ని నటింపజేయకు. 1757 జనవరి 24న కోట పడిపోకముందే ఆడవాళ్లనూ పిల్లలనూ సొంతవాళ్లే చంపుకున్నారని చరిత్ర. దాన్ని నటిస్తే మేకప్పే కనబడుతుంది. క్రోనోస్ క్వార్టెట్ అనే తీగవాద్య బృందం వాయించిన ‘బియాండ్ జీరో’ (2014) కోసం సినిమా దర్శకుడు బిల్ మారిసన్ మొదటి ప్రపంచయుద్ధం నాటి పాడైన ఫిల్మునే వాడాడు. మరకలు బొమ్మను తినేస్తుంటే అలాగే వదిలేశాడు. నువ్వూ ఇప్పుడు అక్కడ ఉన్నదే తియ్యి: స్మారక స్తంభం, పక్కనే వచ్చేపోయే జనం.

ఇంకోటి. మనది విజయనగరం. ఆ రోజు కోట మీదికొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల పక్కన నిలబడింది మన రాజావారి సైన్యమే. కాబట్టి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పౌరుషం మీద గానీ, మన గెలుపు మీద గానీ క్లైమాక్స్ కట్టకు. మొదటి ప్రదర్శన ఇక్కడ మన సంగీత కళాశాలలో వద్దు, బొబ్బిలిలోనే పెట్టు. మధ్యలో ఎవరైనా లేచి వెళ్లిపోతే, ఏ చోట లేచారో రాసుకుని నాకు పంపు.

మీ మాస్టారు