పేరొక్కటే, దీవులు వేరు

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న మా ఊరివాళ్లు తమకు ఉత్తరాన కోకో దీవులున్నాయని, అవి బర్మావని చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చాక మనమే వాటిని ఇచ్చేశామని కొందరంటారు. ఫోన్‌లో వెతికితే ఆస్ట్రేలియా అని వస్తోంది. ఏది నిజం?
– ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీవాళ్లు చెప్పిందీ నిజమే, ఫోన్‌లో చూసిందీ నిజమే. అవి రెండు వేర్వేరు చోట్లు, మధ్య దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో కొబ్బరికాయను ‘కోకో’ అంటారు. మీ ఉద్దానంలా కొబ్బరిచెట్లు నిండిన దీవులకు ఆ పేరు పడింది. చాక్లెట్‌లో వేసే కోకోతో సంబంధం లేదు.

బర్మావాటిని కోకో అంటారు. అండమాన్ ఉత్తరపు కొసనున్న ల్యాండ్‌ఫాల్ దీవికి సుమారు 20 కిలోమీటర్ల అవతల, కళింగపట్నం నుంచి తిన్నగా గీత గీస్తే దాదాపు 1,100 కిలోమీటర్లలో ఉంటాయి. పెద్దది గ్రేట్ కోకో. పొడవు 10 కిలోమీటర్లు, వెడల్పు 2. ఇంగ్లీషువాళ్లు 1882లోనే వీటిని రంగూన్ పాలన కిందికి మార్చారు. 1937లో బర్మాను భారత్ నుంచి విడదీసినప్పుడు దీవులూ దానితోనే పోయాయి. 1947లో మన చేతిలో లేనిదాన్ని మనం ఇచ్చేదేముంది? ఆ మాట నమ్మకండి.

ఆస్ట్రేలియావి కోకోస్ కీలింగ్ దీవులు. 27 పగడపు దీవులు, మొత్తం 14 చదరపు కిలోమీటర్లు. జనం ఉండేది రెండింటిలోనే. 1609లో వీటిని చూసిన ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ విలియం కీలింగ్ పేరు కలిసింది. 1827 నుంచి క్లూనీస్ రాస్ కుటుంబం అక్కడ మలయా కూలీలతో కొబ్బరితోటలు వేయించింది. 1857లో బ్రిటన్ కలుపుకుంది, 1886లో విక్టోరియా రాణి ఆ కుటుంబానికే రాసిచ్చింది. 1955లో ఆస్ట్రేలియాకు మారాయి. 1984లో అక్కడివాళ్లు ఓటేసి ఆ దేశంలో పూర్తిగా కలిశారు.

మ్యాప్‌లో పేరు కొట్టకండి, అక్షాంశం, రేఖాంశం అంకెలు వరుసగా కొట్టండి. బర్మాదానికి 14.1, 93.4. ఆస్ట్రేలియాదానికి -12.2, 96.8. ఆ మైనస్ భూమధ్యరేఖకు దక్షిణమని గుర్తు. మరిచిపోతే అండమాన్ సముద్రం నడుమ నీళ్ల మీద పడతారు. కోస్టారికాకు కూడా పసిఫిక్‌లో ఒక కోకోస్ ఉంది: 5.5, -87.1. రెండో అంకెకున్న ఈ మైనస్ పడమర రేఖాంశమని గుర్తు. అది వదిలేస్తే శ్రీలంకకు తూర్పున సముద్రంలో తేలతారు.

ప్రశ్న: 1914లో మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎమ్డెన్ మునిగింది ఏ కోకోస్ దగ్గర?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: కీలింగ్ దగ్గర. అయితే మునగలేదు. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు చమురు ట్యాంకులను తగలబెట్టిన ఈ జర్మన్ ఓడ, నవంబర్ 9న అక్కడి డైరెక్షన్ దీవిలో తంతి కేంద్రాన్ని పగలగొట్టడానికి మనుషులను దించింది. పగలకముందే ఆ కేంద్రం ‘గుర్తుతెలియని ఓడ వచ్చింది’ అని కబురు పంపేసింది. దగ్గర్లోనే ఉన్న ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ వచ్చిపడింది. సిడ్నీ ఫిరంగులు 6 అంగుళాలవి, ఎమ్డెన్‌వి 4 అంగుళాలకు కాస్త ఎక్కువ. బరువైన గుళ్ల దెబ్బకు నిలవలేక, ఎమ్డెన్ కెప్టెన్ ఫాన్ ముల్లర్ తన ఓడను నార్త్ కీలింగ్ పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. ఒడ్డున మిగిలినవాళ్లు మాత్రం అక్కడున్న అయేషా అనే తెరచాప పడవెక్కి తప్పించుకున్నారు.