అమ్మాయి జాజ్ చదువుకు బావమరిది దగ్గర రెండు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: నా వయసు 49. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి నెలకు 1.65 లక్షలు వస్తుంది. ఇంటి ఖర్చు 70 వేలు, నిజాంపేట ఫ్లాట్ ఈఎంఐ 24 వేలు. నా భార్య గృహిణి. మా అమ్మాయి ఏడో ఏట నుంచి పియానో నేర్చుకుంటోంది, ట్రినిటీ సంగీత పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు అయింది. తనకి జాజ్ అంటే ప్రాణం. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో పెర్ఫార్మెన్స్ డిగ్రీలో సీటు వచ్చింది. అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లవుతుంది, 20 వేలు స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) 12 శాతం వడ్డీకి 60 లక్షల విద్యారుణం ఇస్తానంటోంది. రెండో ఏడాదికి మా బావమరిది రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు సర్దుతానన్నాడు, ఊళ్లో స్థలం అమ్మితే 30 లక్షలు వస్తుంది. మూడో ఏడాది నుంచి సాయంత్రాలు క్లబ్బుల్లో వాయించి సంపాదించుకుంటానని అమ్మాయి అంటోంది. బ్యాంకులో 1.8 లక్షలు, పీఎఫ్‌లో 24 లక్షలు, నాలుగు ఎండోమెంట్ పాలసీలు (అన్నీ కలిపి 14 లక్షల కవర్) ఉన్నాయి. కంపెనీ వాళ్ల ఆరోగ్య బీమా 5 లక్షలు. నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది. ప్రభుత్వ బ్యాంకు వడ్డీ తక్కువే గానీ ఫ్లాట్ తాకట్టు అడుగుతోంది. ఏ అప్పు తీసుకోమంటారు?

జవాబు: మీరు వడ్డీ రేటు గురించి అడిగారు. నేను మాత్రం మీ ఉత్తరంలో 1.8 లక్షల దగ్గర ఆగిపోయాను. రెండు కోట్ల పని తలకెత్తుకుంటున్న ఇంట్లో చేతికందే డబ్బు రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు. మీ నెల ఖర్చు, ఈఎంఐ కలిపి 94 వేలు. జీతం ఒక్క నెల ఆగితే సర్దుకుంటారు, రెండో నెల చివరికి చేబదుళ్లు మొదలవుతాయి.

మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. చదువు ఒక్కోసారి ఎంబీబీఎస్, ఒక్కోసారి పైలట్ శిక్షణ, ఇప్పుడు జాజ్. లెక్క మాత్రం ఒకటే: మొదటి ఏడాది ఫీజు దొరికితే చదువుకు డబ్బు దొరికినట్టే అనుకోవడం. అందుకే మీ ఉత్తరానికి ఇక్కడే జవాబిస్తున్నాను.

కాగితం మీద పెట్టి చూద్దాం. స్కాలర్‌షిప్ పోగా ఏడాదికి 60 వేల డాలర్లు. డాలరు 90 రూపాయల చొప్పున 54 లక్షలు. ఎన్‌బీఎఫ్‌సీ 60, బావమరిది 20, స్థలం 30, మొత్తం కోటీ పది లక్షలు. రెండేళ్లకు సరిపోతుంది, రెండు లక్షలు మిగులుతుంది కూడా. మూడో ఏడాదికి, నాలుగో ఏడాదికి కలిపి ఇంకో కోటీ ఎనిమిది లక్షలు కావాలి. ఆ గడిలో మీరు రాసుకున్నది ‘అమ్మాయి క్లబ్బుల్లో వాయించి’ అని. ఫీజు ఏటా కొంత పెరుగుతుంది, స్కాలర్‌షిప్ అంకె అలాగే ఉంటుంది. 2021లో డాలరు 74 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. ఇంకో ఐదు రూపాయలు పెరిగితే చాలు, మీకు ఏడాదికి మూడు లక్షలు అదనం.

క్లబ్బుల సంగతి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. మాసాచుసెట్స్‌లో కనీస వేతనం గంటకు 15 డాలర్లు. అంటే వారానికి 300, అదీ క్యాంపస్‌లో పని దొరికితే. బయట క్లబ్బులో శుక్రవారం రాత్రి వాయించి కవరు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది, వీసాకే ముప్పు. కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి (సీపీటీ) ఉంటుంది గానీ అది మామూలుగా ఏడాది చదివాక, కాలేజీ అనుమతితో. కోటి రూపాయలు పూడ్చేది కాదు. అమ్మాయి మంచి మనసుతోనే అని ఉంటుంది, ఆ మాట మీద మీరు బడ్జెట్ కట్టకూడదు.

చదువయ్యాక ఇంకో తేడా ఉంది, మన ఇళ్లలో చాలామందికి ఇది తట్టదు. మీ అపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేసిన పిల్లలందరికీ మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక అక్కడే పని చేసే అనుమతి) దొరికింది కదా అనుకుంటారు. వాళ్లకు 12 నెలలకు తోడు ఇంకో 24 నెలలు పొడిగింపు వచ్చింది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) చదువు కాబట్టి. పెర్ఫార్మెన్స్ డిగ్రీ స్టెమ్ కాదు. 12 నెలలే. ఆ 12 నెలల్లో జాజ్ పియానిస్టు న్యూయార్క్‌లోనో బోస్టన్‌లోనో అద్దె కట్టుకుంటూ, ఒక ట్రియోలో (ముగ్గురు వాయించే బృందంలో) చోటు సంపాదించి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, పైగా 12 శాతం అప్పు తీర్చాలి. నోరా జోన్స్ నార్త్ టెక్సాస్‌లో జాజ్ పియానో చదువుతూ మధ్యలో వదిలేసి న్యూయార్క్ వెళ్లిపోయి గ్రామీలు గెలవలేదా అని అమ్మాయి అడగొచ్చు. గెలిచింది. ఆమె అమెరికాలో పుట్టిన మనిషి, చదువు మానేస్తే విమానం ఎక్కాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు బావమరిది. రెండు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అంటాం, వింటే చిల్లర లెక్కలా ఉంటుంది. ఏడాదికి 24 శాతం అది. 20 లక్షలకు నెలకు 40 వేలు. నాలుగేళ్లలో 19 లక్షల 20 వేలు వడ్డీ కింద పోతుంది, అసలు రూపాయి కూడా తగ్గదు. నోటు రాసి, ఖాళీ చెక్కులిచ్చి ఒక ఆడపిల్ల చదువుకు ఈ అప్పు తెస్తామనడం నాకు మింగుడుపడటం లేదు, క్షమించండి. పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మీ భార్య ఆ డబ్బు మాట ఎదుర్కోవాలి. ఎన్‌బీఎఫ్‌సీ 60 లక్షలు పూర్తిగా తీసుకున్నాక దాని వడ్డీ నెలకు 60 వేలు. రెండూ కలిస్తే లక్ష. మీకు నెలాఖరుకు మిగిలేది 71 వేలు.

‘ఎన్‌బీఎఫ్‌సీకి చదువయ్యేదాకా కట్టక్కర్లేదు కదా’ అంటారు. కట్టక్కర్లేదు, కూడుతుంది. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల గడువు ముగిసేసరికి బారువడ్డీ లెక్కనే చూసినా 30 లక్షలు పైన చేరి బాకీ 90 లక్షలవుతుంది. పదేళ్ల వాయిదాలు పెడితే ఈఎంఐ లక్షా 29 వేలు. అప్పటికి మీకు 53 దాటుతుంది, ఆఖరి వాయిదా నాటికి 63. మీ కంపెనీ మిమ్మల్ని 63 దాకా ఉంచుకుంటుందా?

అందుకే నేను చెప్పే మొదటి పని అప్పు గురించి కాదు. అత్యవసర నిధి. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, విదేశంలో బిడ్డ, పెద్ద అప్పులో కో-అప్లికెంట్ సంతకం, ఈ మూడూ కలిసినప్పుడు పన్నెండు నెలలు. అంటే 11 లక్షల 28 వేలు. దానికి తోడు అమ్మాయికి ఒక సెమిస్టర్ అద్దె, తిండి, తిరుగు టికెట్ కోసం 8 లక్షలు విడిగా. ఎఫ్‌డీలో పెడతారో లిక్విడ్ ఫండ్‌లో పెడతారో మీ ఇష్టం, చిట్టీలో మాత్రం వద్దు. అవసరమైన నెలలోనే పాట మీ చేతికి రావాలని రాసిపెట్టి లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. 2020 జులైలో ఒకాయన నా దగ్గరికి వచ్చారు. కొడుకు విదేశంలో సౌండ్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఈయన కంపెనీ జీతాలు సగానికి కోసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఐదు గోల్డ్ లోన్ రసీదులు. అన్నీ భార్య నగలే, ఆఖరి రసీదులో ‘నల్లపూసలు, 18 గ్రాములు’ అని ఉంది. మొత్తం కలిపితే ఆయన అప్పటిదాకా కట్టింది కొడుకు అద్దె, అంతే. ఫీజు ఇంకా కట్టలేదు. ఆ అబ్బాయి సెమిస్టర్ వదిలేసి వచ్చేశాడు. అప్పటిదాకా కట్టిన ఫీజు పోయింది, పట్టా రాలేదు, అప్పు అలాగే ఉంది. ఐదారు లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉండి ఉంటే ఆ గడ్డు నెలలు గడిచిపోయేవి.

రెండో పని టర్మ్ బీమా. నాలుగు పాలసీలున్నాయని మీరు ధీమాగా రాశారు. 14 లక్షలు మీ అమ్మాయి బోస్టన్‌లో నాలుగు నెలలు గడపడానికి కూడా చాలవు. మీకేదైనా అయితే ఆ 60 లక్షలు ఎవరు కట్టాలి? పద్దెనిమిదేళ్ల పిల్ల, ఉద్యోగం లేని భార్య. అప్పు కాగితాల మీద సంతకం పెట్టకముందే రెండు కోట్లకు తగ్గకుండా టర్మ్ పాలసీ చేతిలో ఉండాలి. షుగర్ సంగతి దాచకండి, వైద్య పరీక్ష చేయించుకోండి, ప్రీమియం కొంచెం ఎక్కువ వేస్తే వేయనీయండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ మీ భార్య క్లెయిమ్ పెట్టిన రోజున చిక్కుల్లో పడుతుంది. అప్పుతో పాటు అంటగట్టే బీమా ఆ అప్పు వరకే, ఇంటికి ఏమీ రాదు. ఆరోగ్య బీమా కూడా సొంతంగా కనీసం 10 లక్షలకు తీసుకోండి. కంపెనీ పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే.

ఊళ్లో స్థలం అమ్మే ఆలోచన మంచిదే, నేనే చెప్పేవాణ్ని. వచ్చే 30 లక్షల్లో మొదటి 19 లక్షలు పైన చెప్పిన నిధికి. మిగతాది చదువుకు. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు. ఫ్లాట్ తాకట్టు, ఎన్‌బీఎఫ్‌సీ, ఈ రెంటిలో ఏది అని అడిగారు కాబట్టి: ఈ లెక్కలో రెండూ వద్దు. అప్పు మొత్తం 30 లక్షల లోపు ఉండే చదువు దొరికితే ప్రభుత్వ బ్యాంకుకే వెళ్లండి. పాత పన్ను విధానంలో ఉంటే విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది.

ఇక చదువు. అమ్మాయికి సంగీతం వద్దని చెప్పే హక్కు నాకు లేదు, ఆ సీటు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. ఏ.ఆర్. రెహమాన్‌కు 2014లో గౌరవ డాక్టరేట్ ఇచ్చిన కాలేజీ అది, మనవాళ్లకు ఆ పేరంటే మోజు ఉండటం సహజం. కానీ జాజ్ డిగ్రీ పుట్టింది అక్కడ కాదు. డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ యూనివర్సిటీ 1947లోనే మొదలుపెట్టింది, దాని వన్ ఓ క్లాక్ ల్యాబ్ బ్యాండ్ పేరు జాజ్ వాళ్లందరికీ తెలుసు. ప్రభుత్వ యూనివర్సిటీ. టెక్సాస్‌లో పోటీలో కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ గెలిచిన బయటి విద్యార్థికి స్థానికుల ఫీజే వేసే వెసులుబాటు ఉంది. ఆడిషన్ బాగా ఇస్తే వచ్చే ఆ వెయ్యి డాలర్లే అసలు బహుమతి. డాలస్ పక్కనే ఊరు, మీ బంధువుల్లో ఒక్కరైనా అక్కడ ఉండే ఉంటారు. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ట్యూషన్ ఫీజు లేదు, ఆడిషన్ గట్టిది, జర్మన్ నేర్చుకోవాలి. రెండేళ్లు ఇక్కడే, గ్రేటర్ నోయిడాలోనో చెన్నైలోనో జాజ్ చెప్పే చోట చదివి, క్రెడిట్లతో బదిలీ కావడం మరో దారి. ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారో ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

బర్క్లీయే కావాలని పట్టుబడితే ఒక ఏడాది వాయిదా కోరుతూ, స్కాలర్‌షిప్ నిలుస్తుందా, పెంచే వీలుందా అని అమ్మాయి చేతే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాయించండి. ఆ ఏడాదిలో మీరు స్థలం అమ్మి, నిధి కట్టి, టర్మ్ పాలసీ తీసుకోవచ్చు. అమ్మాయి డెంటన్ ఆడిషన్ రికార్డింగ్ పంపొచ్చు. ఎన్‌బీఎఫ్‌సీ వాళ్లు మంజూరు గడువు అయిపోతోందని రోజూ ఫోన్ చేస్తారు, చేయనీయండి. ప్రాసెసింగ్ ఫీజు కట్టేసి ఉంటే అది పోయిందనుకోండి. బావమరిదికి మాత్రం ఈ ఆదివారం లోపు మీరే ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పండి, నోటు రాసేసి ఉంటే వెనక్కి తీసుకుని చించేయండి.