ఎమీలియాని తీసేయొద్దు

ప్రశ్న: మా కాలేజీ యానివర్సరీకి షేక్‌స్పియర్ ఒథెల్లో తెలుగులో వేస్తున్నామండి. టైం చాలదని డెస్డిమోనా చెలికత్తె ఎమీలియా సీన్లు తీసేద్దామంటున్నారు. ఒథెల్లో భార్య డెస్డిమోనా మాత్రం ఏడ్చి చచ్చిపోవడం తప్ప ఏం చేస్తుంది?
- ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఆ మాట నేనొప్పుకోనమ్మా. మొదటి అంకం చూడు, తండ్రికి చెప్పకుండా పెళ్లి చేసుకుని, వెనిస్ పెద్దలందరి ముందూ నిలబడి నా భర్తతో సైప్రస్ పంపించండని తనే అడుగుతుంది, అదీ ఆడవేషాలు మగపిల్లలు కట్టే రోజుల్లో రాసిన నాటకంలో! ఒథెల్లో ప్రేమే నాకు అనుమానం. నా కష్టాలు విని జాలిపడింది కాబట్టి ప్రేమించానంటాడు, అంటే ఆమె కళ్లలో తన గొప్పే చూసుకున్నాడు, అందుకే తనిచ్చిన చేతిరుమాలు కనపడకపోయేసరికి, ఆమె మీద లేనిపోనివి చెప్పిన తన కింద ఉద్యోగి ఇయాగో మాట నమ్మేసి ఆమె మాట చెవిన పెట్టలేదు.

ఆ రుమాలు దొరికితే తన మొగుడు ఇయాగోకిచ్చింది ఎమీలియానే. నాలుగో అంకం మూడో సీన్‌లో ఆడవాళ్లకీ మగాళ్లలాగే కోరికలుంటాయి, మా తప్పులు వాళ్లు నేర్పినవే అని చెప్పేదీ ఆమే. చివర్లో మొగుడు ఇంటికి పో అన్నా కదలకుండా నిజం బయటపెట్టి, అతని చేతిలోనే కత్తిపోటు తింటుంది. ఆమె లేకపోతే డెస్డిమోనా ఏ తప్పూ చెయ్యలేదని ఒథెల్లోకి ఎవరు చెప్తారు? 1892లో కన్యాశుల్కం మొదట ఆడింది మీ ఊళ్లోనే, మధురవాణి లేకుండా దాన్ని వేస్తామంటే ఊరుకుంటారా?

టైం చాలకపోతే మూడో అంకంలో విదూషకుడి బిట్లు తీసేయండి, కథకేం కాదు.