ఫోనులో మందుల సంగతి చెప్పేటప్పుడు

చి.ల.సౌ. మేనకోడలికి, గుంటూరు నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడలో మీ ఆసుపత్రివారు రోగులకు ఫోనులో మందుల వివరాలు చెప్పే పనిని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. కొత్తపేటలో ముప్పై ఏళ్లకు పైగా మందుల షాపు నడిపి, 2020 లాక్‌డౌన్‌లో షట్టరు సగం దించి రోజంతా ఫోను చెవిన పెట్టుకుని కూర్చున్నవాణ్ణి గనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

షాపుకు వచ్చినవారు స్ట్రిప్పు మన చేతికి ఇస్తారు. ఫోను చేసినవారు రంగు మాత్రమే చెబుతారు. ఆ ఏప్రిల్‌లో ఒక పెద్దాయన, పొద్దున మరిచిపోయిన చిన్న గులాబీ మాత్రను రాత్రి వేసుకోవచ్చా అని అడిగితే, బీపీ మాత్రే అయి ఉంటుందనుకుని వేసుకోమన్నాను. అది షుగరుకు వాడే గ్లిమెపిరైడ్. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్న ఆయనకు తెల్లవారుజామున షుగరు బాగా పడిపోయి ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడింది. కోడలు వెంటనే పంచదార నీళ్లు తాగించబట్టి తేరుకున్నాడు. అప్పటి నుంచి రంగు చెబితే నేను బదులు చెప్పలేదు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే స్ట్రిప్పు వెనుక ఉన్న పేరు, మిల్లీగ్రాములు అక్షరం అక్షరం చదివించు, లేదా ఫొటో పంపించమను. మనవాళ్లు స్ట్రిప్పును కత్తిరించేటప్పుడు సరిగ్గా పేరున్న వైపే కత్తిరిస్తారు. అలాంటి ముక్క దొరికితే పాత చీటీ వెతికించక తప్పదు.

చీటీ చదివించినా జాగ్రత్తే. 1-0-1 అని ఉన్నదాన్ని ఒకావిడ నాకు “నూట ఒకటి” అని చదివి వినిపించింది. నవ్వొచ్చినా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడే తెలిసింది. అందుకే నీవు చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకో. “అర్థమైందా?” అని అడిగితే అందరూ అయిందనే అంటారు.

జ్వరాల కాలంలో ఎక్కువగా జరిగే పొరపాటు పారాసెటమాల్. 650 మాత్ర జ్వరానికని, జలుబు మాత్ర జలుబుకని, ఒళ్లునొప్పుల మాత్ర ఇంకొకటని వేసుకుంటారు. మూడింటిలోనూ అదే మందు ఉండవచ్చు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కాలేయ జబ్బున్నవారికి, మద్యం తాగేవారికి ఇంకా తగ్గించాలి. కాబట్టి “ఏం మందు వాడుతున్నారు?” అని కాక, “నిన్న పొద్దుటి నుంచి నోట్లో వేసుకున్నవన్నీ చెప్పండి” అని అడుగు.

2021లో పక్కింటివారి చీటీ చూసి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు కొనుక్కుంటామని ఫోను చేసినవారు ఎందరో. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు ప్రాణం నిలిపిన ఆ మందే, అవసరం లేనివారికి, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి, చేటు చేసింది. బ్లాక్ ఫంగస్ భయం మనమంతా చూశాము. మందు మొదలుపెట్టించడం, మోతాదు మార్చడం మన పని కాదు, డాక్టరు పని. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు ఫోనులో కూడా చూడవచ్చు గనుక, రోగిని అటు కలుపు. ఆయాసం, ఛాతీనొప్పి, మత్తుగా పడి ఉండటం, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గడం వింటే మందుల మాట ఆపి 108కి చేయించు. ఆక్సిజన్ అంకె చెప్పేటప్పుడు వేలికి గోళ్లరంగు ఉందేమో, చెయ్యి చల్లగా ఉందేమో అడిగి మళ్లీ చూడమనాలి, కానీ మనిషి ఆయాసపడుతుంటే అంకె కోసం ఆగవద్దు.

వరద వస్తే ఇంకో చిక్కు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి కరెంటు లేదు, ఫోనులో చార్జింగూ అంతంతమాత్రమే. అలాంటివారిని పలకరింపులతో ఆపక, ఆపకూడని మందు ఏముంది, ఎన్ని రోజులకుంది అన్నవి ముందు అడుగు: ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్. ఫ్రిజ్ ఆగిందని ఇన్సులిన్ పారవేయవద్దని చెప్పు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు పనిచేస్తాయి, నీడలో తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచితే చాలు, ఐసులో పెట్టకూడదు.

ఇంకొకటి, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకో. వారానికి ఒక్కసారి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది; సోమవారమో మంగళవారమో, వేసుకునే రోజు పేరు చెప్పించుకోకుండా ఫోను పెట్టవద్దు. మీ ఆసుపత్రిలో అది వాడేవారి జాబితా వానలు ముదరక ముందే వ్రాసి పెట్టుకుని, ఒక్కొక్కరికీ నీవే ముందుగా ఫోను చెయ్యి.

ఇట్లు,
మామయ్య