గ్రేడింగ్ చేసిన నాణెం డబ్బా మీది సంఖ్యను ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి?

గ్రేడింగ్ చేసి, అంటే నాణెం అసలైనదేనా, ఎంత బాగా నిలిచింది అన్నది ఒక సంస్థ పరీక్షించి నిర్ణయించి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన 1862 నాటి విక్టోరియా రూపాయిని కొనాలనుకుంటున్నారనీ, డబ్బా మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికితే వివరాలన్నీ సరిపోయాయనీ, సంఖ్య చిన్నది కనుక ధర ఎక్కువని అమ్మకందారు అంటున్నాడనీ రాశారు. సంఖ్య సరిపోవడం తప్పనిసరి, కానీ అది ఒక్కటే చాలదు. ఎందుకంటే ఆ సంఖ్య నాణేనిది కాదు. ఎవరో ఒక నాణేన్ని పంపినప్పుడు, సంస్థ దాన్ని పరీక్షించి డబ్బాలో బిగించిన ఆ ఒక్క సందర్భానికి వేసిన గుర్తు అది.

786తో ముగిసే నోట్లను దాచుకొనే అలవాటు మనలో చాలామందికి ఉంది కనుక, నాణేనికి కూడా అలాంటి సంఖ్య పుట్టుకతోనే వస్తుందన్న భ్రమ సులభంగా కలుగుతుంది. నోటు మీద వరుస సంఖ్యను ముద్రణాలయమే వేస్తుంది; పీఎంజీ వంటి సంస్థ గ్రేడింగ్ చేసిన నోటుకు ఆ సంఖ్య కాక, తొడుగు లేబుల్ మీద సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ సంఖ్య వేరుగా ఉంటుంది. నాణేనికి టంకశాల ఏ వరుస సంఖ్యా వేయదు. డబ్బా పగలగొట్టి నాణేన్ని బయటికి తీసిన క్షణం నుంచి ఆ సంఖ్యకూ నాణేనికీ సంబంధం తెగిపోతుంది.

ఇక అంకెల సంగతి. ఈ రంగంలో పేరున్న రెండు అమెరికన్ సంస్థలలో పీసీజీఎస్ 1986లోను, ఎన్‌జీసీ 1987లోను పని ప్రారంభించాయి. పీసీజీఎస్ లేబుల్ మీద, ఉదాహరణకు, 7130.64 అని ఉండి, ఆ తరువాత ఏటవాలు గీత, దాని తరువాత ఏడు లేదా ఎనిమిది అంకెలు ఉన్నాయనుకోండి. 7130 అనేది 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించిన మోర్గన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం రకానికి సంస్థ ఇచ్చిన జాబితా సంఖ్య. ఆ రకం నాణేలన్నింటికీ అదే ఉంటుంది. చుక్క తరువాతి 64 అనేది 70 వరకు సాగే షెల్డన్ కొలమానంలో దాని గ్రేడు. గీత తరువాతి అంకెలే అసలైన ధ్రువీకరణ సంఖ్య. గ్రేడు ఉండవలసిన చోట 92 కనిపిస్తే అది గొప్ప గ్రేడు అనుకోకండి. నాణేన్ని ఎవరో తోమి శుభ్రం చేశారని చెప్పే సంకేతం అది.

ఎన్‌జీసీ పద్ధతి వేరు. అక్కడ సాధారణంగా ఏడు అంకెలు, ఒక అడ్డగీత, మూడు అంకెలు ఉంటాయి. మొదటి భాగం ఒక దఫాలో పంపిన నాణేల మొత్తానికి చెందినది, చివరి మూడు అంకెలు ఆ దఫాలో ఈ నాణెం స్థానాన్ని తెలుపుతాయి. నా వద్ద ఉన్న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయలు రెండింటికి మొదటి ఏడు అంకెలు ఒకటే కావడం వల్ల, వేర్వేరు చోట్ల కొన్నప్పటికీ అవి ఒకప్పుడు ఒకరి చేతి మీదుగానే గ్రేడింగుకు వెళ్లాయని తెలిసింది. రెండింటి మీదా వెండికి పట్టిన నీలి ఛాయ ఒకే తీరున ఉండడానికి కారణం కూడా అదే కావచ్చు. సంఖ్యలను చదవడంలో నాకు నిజంగా ఆనందం కలిగించేది ఇటువంటి వివరమే.

మీ ప్రధానమైన సందేహానికి వస్తాను. వేరొకరి బండి నంబరును నకిలీ పలక మీద రాయించి తగిలించుకొన్నట్టే, నకిలీ డబ్బాలు చేసేవారు వేలం పాటల ఫొటోలలో కనిపించే నిజమైన సంఖ్యలనే వాడుకుంటారు. వెబ్‌సైటులో వెతికితే సంవత్సరం, రకం, గ్రేడు అన్నీ సరిగ్గానే వస్తాయి, ఎందుకంటే ఆ సంఖ్య గల నిజమైన నాణెం ఎక్కడో ఉంది. హైదరాబాదులో జరిగిన ఒక నాణేల ప్రదర్శనలో నాకు చూపిన విక్టోరియా రూపాయి విషయంలో అదే జరిగింది. వివరాలన్నీ సరిపోయాయి, కానీ వెబ్‌సైటులోని ఫొటోలో రాణి కిరీటం వెనుక స్పష్టంగా కనిపిస్తున్న నల్లని మచ్చ చేతిలోని నాణెం మీద లేదు. డబ్బా బిగించాక మచ్చ కొత్తగా ఏర్పడిందంటే కొంతవరకు నమ్మవచ్చు గానీ, ఉన్న మచ్చ దానంతట అది మాయమయిందంటే నమ్మలేము. నేను దాన్ని తిరిగి ఇచ్చేశాను.

కాబట్టి అంకెలతో ఆగకుండా, సంస్థ ఉంచిన ఫొటోను పెద్దదిగా చేసి, గీతలు, మచ్చలు, అంచు దగ్గరి సొట్టలు ఒక్కొక్కటిగా పోల్చండి. పాత సంఖ్యలు చాలావాటికి ఫొటో ఉండదు. అప్పుడు డబ్బా అచ్చు, లేబుల్ అక్షరాలు, హోలోగ్రామ్‌ను అదే కాలానికి చెందిన మరో డబ్బాతో పోల్చవలసిందే. అమ్మకందారు పంపిన ఫొటోలో సంఖ్య చివరి అంకెల మీద బొటనవేలు ఉంటే, వేలు తీసి మరో ఫొటో పంపమని మొహమాటం లేకుండా అడగండి.

1862 రూపాయికి ఇంకొక చిక్కు ఉంది. ఆ తేదీనే 1874 వరకు మార్చకుండా ముద్రించారు. బొంబాయి టంకశాల నాణెమైతే ఏ ఏటిదో గుర్తించడానికి వెనుకవైపు ఉన్న చుక్కలను లెక్కపెట్టాలి. లేబుల్ మీద 1862 తరువాత బ్రాకెట్లలో బి లేదా సి అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే, ఆ అక్షరం నాణెం మీద లేదనీ, బొంబాయి లేదా కలకత్తా టంకశాల అని ఇతర లక్షణాలను బట్టి నిర్ణయించారనీ అర్థం. చుక్కల లెక్క లేబుల్‌లో లేకపోతే సంఖ్య దాన్ని చెప్పదు, భూతద్దంతో మీరే చూసుకోవాలి.

చిన్న సంఖ్యకు ఎక్కువ ధర ఇవ్వవలసిన పని లేదు. గ్రేడింగ్ ముందుగా జరిగిందన్న సూచన తప్ప అందులో మరేమీ లేదు. అమెరికాలో కొందరు తొలినాళ్ల డబ్బాలకు అదనంగా చెల్లిస్తారు, కానీ అది అప్పటి గ్రేడింగ్ కఠినమన్న నమ్మకంతో ఆ డబ్బాకు ఇచ్చే ధర. అలాగే, ఈ గ్రేడులో ఇన్నే ఉన్నాయని అమ్మకందారు సంస్థ లెక్కను చూపితే, ఒకే నాణేన్ని డబ్బా పగలగొట్టి తీసి మళ్లీ పంపినప్పుడు పాత లేబుల్ తిరిగి ఇవ్వకపోతే అది ఆ లెక్కలో రెండుసార్లు చేరుతుందనీ, గ్రేడింగుకే వెళ్లని నాణేలు అసలు చేరవనీ గుర్తుంచుకొని బేరమాడండి.